శత్రువుల జాబితాలో ఒక భిక్షువు: భంతే న్యానతిలోక జీవితం



మీ తాత పేరు మీకు తెలుసు. ముత్తాత పేరు కూడా కొందరికి తెలిసి ఉంటుంది. ఆ పైన? మనలో చాలామందిమి అక్కడే ఆగిపోతాం. భూములున్నవాళ్ల తాతల పేర్లు పట్టాల్లో ఉన్నాయి, పహాణీల్లో ఉన్నాయి, గుడి గోడల మీద ఉన్నాయి. మన తాతలు ఆ భూములు దున్నారు గానీ కాగితం ఎక్కలేదు. ఎక్కిన ఒకటి రెండు చోట్ల కూడా మనిషి పేరు కంటే ముందు కులం పేరు ఎక్కింది.

మాదిగ వాడల్లో పెరిగినవాళ్లకు ఇంకో సంగతి గుర్తుంటుంది. పంటలు ఇంటికొచ్చాక దక్కలి వాళ్లు వచ్చేవాళ్లు. పటం విప్పి, జాంబ పురాణం ఎత్తుకుని, మన మూలపురుషుడి దగ్గర్నుంచి వరస పెట్టి చెప్పేవాళ్లు. మన వంశం కథ వాళ్ల నోట్లో ఉంది. మరి వాళ్లను మనం ఎక్కడ ఉంచాం? వాడకు అవతల ఉంచాం. మన పెద్దల కథ చెప్పేవాళ్లకు మన గడప లోపల చోటు లేదు. ఈ మాట ఇక్కడ గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వద్దాం.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకు ధమ్మం ఇచ్చారు. ఆ రోజుతో మనకు ఇంకో రకం పూర్వీకులు కూడా వచ్చారు. రక్తంతో వచ్చేవాళ్లు వేరు, ధమ్మంతో వచ్చేవాళ్లు వేరు. ఈ రెండో రకం పెద్దల గురించి మనకు తెలిసింది తక్కువ. అశోకుడి పేరు చెప్తాం, నాగార్జునుడి పేరు చెప్తాం, ఆ తర్వాత నేరుగా బాబాసాహెబ్ దగ్గరికి దూకుతాం. మధ్యలో ఈ దీపం ఆరిపోకుండా చేతులడ్డం పెట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకాయన్ని ఈ రోజు మీరూ నేనూ కలిసి వెతుకుదాం. ఆయన పేరు న్యానతిలోక మహాథేరో.

ఒక్క మాట ముందే చెప్తాను. యుద్ధాల కాలం నాటి బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో వెతికితే ఆయన భిక్షువుగా దొరకడు. శత్రుదేశ పౌరుడిగా దొరుకుతాడు.

వయొలిన్ పట్టుకుని బయల్దేరిన కుర్రాడు

ఆయన పుట్టింది 1878 ఫిబ్రవరి 19న, జర్మనీలోని వీస్‌బాడెన్ అనే ఊళ్లో. ఇంట్లో పెట్టిన పేరు ఆంటన్ గ్యూట్. కాథలిక్ కుటుంబం. తండ్రి చదువు చెప్పే పెద్దమనిషి. కుర్రాడికి సంగీతం ప్రాణం. వయొలిన్, పియానో, ఇంకా కొన్ని వాద్యాలు నేర్చుకున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత కళాశాలలో చదివాడు, తర్వాత పారిస్ వెళ్లి వీడోర్ అనే పెద్ద విద్వాంసుడి దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. మంచి ఉద్యోగం, మంచి పేరు అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక శాకాహార భోజనశాలలో ఒకాయన బుద్ధుడి గురించి మాట్లాడుతుంటే విన్నాడు. అంతే, ఆ మాట లోపల కూర్చుండిపోయింది. పుస్తకాలు చదివాడు. చదవడం సరిపోదు, భిక్షువు కావాలనుకున్నాడు. ఆ రోజుల్లో యూరప్‌లో భిక్షువు కావడానికి సంఘం లేదు. తూర్పు దేశాలకు రావాలి, రావడానికి డబ్బుల్లేవు. గ్రీసు వైపు వెళ్లి, అక్కణ్నుంచి ఈజిప్టు చేరి, దారి పొడుగునా వయొలిన్ వాయించి దారి ఖర్చులు సంపాదించుకున్నాడు. బొంబాయిలో ఓడ దిగి, సింహళం చూసి, బర్మా చేరాడు. 1903లో రంగూన్‌లో సామణేర దీక్ష, 1904 మొదట్లో ఉపసంపద. ఆంటన్ గ్యూట్ న్యానతిలోక అయ్యాడు. జర్మనీ దేశం నుంచి వచ్చిన మొదటి భిక్షువు ఆయనే.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగండి. పుట్టుకతో వచ్చిన మతాన్ని, పేరును, దేశాన్ని పక్కన పెట్టి, తెలిసి తెలిసి ఎంచుకున్న దారి అది. ఎంచుకోవడం అంటే ఏంటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ లోకం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ధమ్మ దీక్ష తీసుకున్న ఇరవై ఏళ్ల తర్వాత కూడా, అసలు మీరేంట్లు అని అడిగే పక్కింటాయన మనందరికీ ఉన్నాడు. భంతే న్యానతిలోకను కూడా లోకం అదే అడిగింది. తుపాకులు పెట్టి మరీ అడిగింది.

దీవిలో ఆరామం

బర్మా నుంచి ఆయన సింహళం వచ్చారు. పాళీ నేర్చుకున్నారు. 1906లో బుద్ధవచనాన్ని ఒక క్రమంలో పేర్చి జర్మన్ భాషలో చిన్న పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడాదే అది ఇంగ్లీషులోకి వచ్చింది. త్రిపిటకం తెరిచి చూసే వీలు లేని మామూలు మనిషికి నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం సూటిగా అందించిన పుస్తకం అది.

1911లో సింహళం దక్షిణ తీరంలో, దొడందువ అనే ఊరి దగ్గర, రత్గమ సరస్సులో ఒక చిన్న దీవి దొరికింది. పేరు పొల్గస్‌దువ. చెట్లూ పొదలూ పాములూ తప్ప ఏమీ లేని చోటు. అక్కడ శిష్యులతో కలిసి కుటీరాలు వేసుకుని దీవి ఆరామం మొదలుపెట్టారు. వేకువన ధ్యానం, పడవెక్కి భిక్షకు పోవడం, మధ్యాహ్నం పాళీ పాఠం. యూరప్ నుంచి ధమ్మం వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు అది మొదటి ఇల్లు అయింది.

ఇప్పుడు మనకు బాగా కావాల్సిన సంగతికి వద్దాం.

రోడియాలు

సింహళం బౌద్ధ దేశం కదా, అక్కడ కులం ఉండదు అనుకుంటున్నారా? ఉంది. నిజం నిజంగానే చెప్పుకోవాలి. అక్కడి పెద్ద సంఘమైన సియామ్ నికాయంలో ఉపసంపద గొవిగమ అనే పై కులానికే దక్కేది. మిగతా కులాల సామణేరులు 1799లో ఓడెక్కి బర్మా వెళ్లి, అక్కడ ఉపసంపద తెచ్చుకుని అమరపుర నికాయం పెట్టుకోవాల్సి వచ్చింది. బుద్ధుడు తెరిచిన తలుపును బుద్ధుడి పేరు చెప్పుకునేవాళ్లే మూశారు.

అందరికంటే అడుగున ఉన్నవాళ్లు రోడియాలు. ఊరికి అవతల గుడిసెలు. అడుక్కుని బతకడమే వాళ్లకు రాసిపెట్టిన పని. కాండీ రాజుల కాలంలో ఆడైనా మగైనా నడుము పైన బట్ట కప్పకూడదని కట్టడి. వాళ్లు తాకితే మైల. ఇది చదువుతుంటే మీకు ఎవరు గుర్తొస్తున్నారో నేను వేరే చెప్పను.

1913లో భంతే న్యానతిలోక కాండీకి పడమరగా ఉన్న కడుగన్నావ ప్రాంతంలో ఈ రోడియాల మధ్య పని మొదలుపెట్టారు. వాళ్ల దగ్గరికి వెళ్లి ధమ్మం చెప్పి వచ్చేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదేమో. ఆయన అక్కడితో ఆగలేదు. రోడియా పిల్లల్ని దీవికి తెచ్చారు. తనతోపాటే ఉండనిచ్చారు, తనతోపాటే చదివించారు. రోడియాల పెద్ద కొడుక్కి సామణేర దీక్ష ఇచ్చి న్యానాలోక అని పేరు పెట్టారు. నిందలు వచ్చాయి, బౌద్ధుల దగ్గర్నుంచే వచ్చాయి. ఆయన తలుపు మూయలేదు. వసల సుత్తం చదివి, మనిషి పుట్టుకతో హీనుడు కాడని నమ్మి, ఆ నమ్మకాన్ని పక్కన చాప వేసి కూర్చోబెట్టడం దాకా తీసుకెళ్లిన మనిషి ఆయన.

తీసుకెళ్లిన మరుసటి ఏడాదే ఆయన పుట్టుకే ఆయన మీద కేసు అయింది.

మొదటి యుద్ధం: 12 ఏళ్లు

1914 ఆగస్టులో బ్రిటన్, జర్మనీల మధ్య యుద్ధం వచ్చింది. సింహళం బ్రిటిష్ వలస. యుద్ధం వస్తే వలసల్లో ఒక పద్ధతి ఉంది. శత్రుదేశంలో పుట్టినవాడు ఎవడైనా సరే, వ్యాపారి గానీ పాదిరీ గానీ భిక్షువు గానీ, పట్టుకుని శిబిరంలో పెడతారు. ఏం చేశావని అడగరు. విచారణ ఉండదు, శిక్ష ఎన్నాళ్లో చెప్పరు. నువ్వు ఎక్కడ పుట్టావు అన్నదే నేరం, యుద్ధం ఎన్నాళ్లుంటే అన్నాళ్లు శిక్ష.

మొదట్లో దీవిలోనే ఉండనిచ్చారు. కొన్ని నెలలకే కొండల్లో ఉన్న దియతలావ శిబిరానికి తరలించారు. 1915లో ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు. అక్కడ ఎక్కువ కాలం ట్రయల్ బే అనే సముద్రపు ఒడ్డు జైల్లో ఉన్నారు. చుట్టూ జర్మన్ వ్యాపారులు, ఓడ పనివాళ్లు, ఉద్యోగులు. మధ్యలో ఒక భిక్షువు.

ఇలాంటి మనిషిని కాగితాల్లో ఎలా వెతకాలో తెలుసా? మొదటి యుద్ధంలో బందీల వివరాలను దేశదేశాల నుంచి తెప్పించి జెనీవాలో రెడ్ క్రాస్ వాళ్లు లక్షల కార్డులు రాయించారు. ఆస్ట్రేలియా శిబిరాల కాగితాలు ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తాతలు ఏమయ్యారో తెలుసుకోవడానికి ఇప్పటికీ మనవలు వాటిని తిరగేస్తుంటారు. అలాంటి కాగితాల్లో మనిషిని వెతకాలంటే తల్లిదండ్రులు పెట్టిన పేరు, పుట్టిన దేశం తెలియాలి. మనిషి తాను ఎంచుకున్న పేరు, ఎంచుకున్న జీవితం రెండోవైపు ఉండిపోతాయి. మన సర్టిఫికెట్లు కూడా ఇలాంటివే కదా. బౌద్ధులకు షెడ్యూల్డ్ కులాల గుర్తింపు కోసం 1990 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా పుట్టిన కులమో, ఎంచుకున్న ధమ్మమో ఏదో ఒకటి దాచుకోమన్నట్టే ఉండేది పరిస్థితి.

1916లో జర్మనీ తిరిగి వెళ్లిపోవాలనే షరతు మీద వదిలారు. ఆయన హవాయి మీదుగా చైనా వెళ్లారు. బర్మా సరిహద్దులో థేరవాదం పాటించే తెగలున్నాయి, అక్కడ చేరితే చీవరంతో బతకొచ్చు, ఏదో ఒకనాటికి బర్మాకో సింహళానికో నడిచిపోవచ్చు అని ఆశ. ఆ ఆశ నెరవేరలేదు. చైనా కూడా యుద్ధంలో దిగి జర్మన్లను శత్రువులంది. అక్కడా బందీ. 1919లో జర్మనీకి పంపేశారు. వదిలి వచ్చిన దేశానికే మళ్లీ చేరారు.

యుద్ధం అయిపోయింది. ఇక సింహళం వెళ్లొచ్చు అనుకున్నారు. బ్రిటిష్ వాళ్లు రానివ్వలేదు. 1920లో జపాన్ వెళ్లారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాళీ, జర్మన్ భాషలు చెప్పి పొట్ట పోసుకున్నారు. మధ్యలో బౌద్ధ దేశం కదా అని సయాం వెళ్తే గూఢచారి అనుకుని పట్టుకున్నారు, కొన్ని వారాలకు దేశం దాటించారు. తిరిగి జపాన్‌కే. ఎక్కడున్నా అనువాదం పని మాత్రం ఆపలేదు.

1926లో సింహళం తలుపు తెరుచుకుంది. పన్నెండేళ్లకు ఆయన పడవ దిగేసరికి దీవి మొత్తం అడవి మూసేసి ఉంది. మళ్లీ కత్తి పట్టారు, పొదలు కొట్టారు, కుటీరాలు నిలబెట్టారు. 48 ఏళ్ల వయసులో రెండోసారి మొదటి నుంచి మొదలు.

రెండో యుద్ధం: డెహ్రాడూన్

ఆ తర్వాత పదమూడేళ్లు దీవికి మంచి కాలం. దేశదేశాల నుంచి శిష్యులు వచ్చారు. 1936లో ఒక యువకుడు వచ్చాడు. జర్మనీలో పుట్టిన యూదుడు. భిక్షువై న్యానపోనిక అయ్యాడు.

ఆ రోజుల్లో జర్మనీలో ఏం జరుగుతోందో మీరు వినే ఉంటారు. 1935లో హిట్లర్ ప్రభుత్వం నూరెంబర్గ్ చట్టాలు తెచ్చింది. నలుగురు తాతలు, అమ్మమ్మలు, నానమ్మల్లో ముగ్గురు యూదులైతే నువ్వూ యూదుడివే, నీకు పౌరసత్వం లేదు అన్నారు. ప్రతి ఇంట్లో పూర్వీకుల్ని వెతికించారు. ప్రేమతో కాదు, ఎవర్ని బయటికి గెంటాలో తేల్చుకోవడానికి. పూర్వీకుల లెక్క మనిషిని చంపడానికి కూడా పనికొస్తుందని లోకం అప్పుడు చూసింది. మనకు అది కొత్త కాదు. ఏ తల్లి కడుపున పుట్టావన్న లెక్కతోనే మనల్ని ఊరి బయట పెట్టారు.

అదే 1935లో, యెవలాలో, తాను పుట్టిన మతంలో చనిపోనని బాబాసాహెబ్ ప్రకటించారు. ఒక చోట పుట్టుకను ఉరితాడు చేస్తున్నారు, ఇంకో చోట ఒక మనిషి ఆ తాడు తెంచుకుంటున్నాడు.

1939లో మళ్లీ యుద్ధం. మళ్లీ అదే పద్ధతి. 61 ఏళ్ల భంతే న్యానతిలోకను మళ్లీ దియతలావ తీసుకెళ్లారు. న్యానపోనికను కూడా తీసుకెళ్లారు. జర్మనీ ఆయన్ని యూదుడని కాదంది, బ్రిటన్ ఆయన్ని జర్మన్ అని జైల్లో పెట్టింది. న్యాయం ఎలా ఉందో చూడండి.

దియతలావ నుంచి వాళ్లను మన దేశానికే తెచ్చారు, హిమాలయాల కిందున్న డెహ్రాడూన్ శిబిరానికి. ముళ్ల కంచెల మధ్య వరస వరసలుగా బ్యారక్‌లు. నాజీలను సమర్థించేవాళ్లు ఒక వైపు, వ్యతిరేకించేవాళ్లు ఇంకో వైపు. కొండలెక్కడంలో పేరు మోసిన హైన్రిక్ హారర్ 1944లో అక్కణ్నుంచే తప్పించుకుని టిబెట్ పోయాడు. ఆ కథను సినిమా కూడా తీశారు. తప్పించుకోకుండా లోపల కూర్చుని పని చేసినవాళ్ల మీద సినిమాలు రాలేదు.

వాళ్లేం చేశారు? చదివారు, రాశారు. భంతే న్యానతిలోక బౌద్ధ పదాల నిఘంటువు పని ఆ బందీ కాలంలో ముందుకు సాగించారు. న్యానపోనిక సుత్త నిపాతం జర్మన్‌లోకి తెచ్చారు. కంచె లోపల, కాగితం కరువులో, అనిచ్చ అంటే ఏమిటి, అనత్త అంటే ఏమిటి, ఒక్కో మాటకు సరైన అర్థం తూచి తూచి రాశారు. ఆ నిఘంటువు 1952లో కొలంబోలో అచ్చయింది. ఇప్పటికీ ధమ్మం చదివేవాళ్ల బల్ల మీద ఉంటుంది.

అదే కాలంలో, 1942 నుంచి 1946 దాకా, డెహ్రాడూన్‌కు ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఢిల్లీలో బాబాసాహెబ్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూస్తున్నారు. మన ధమ్మానికి దారి వేసిన ఇద్దరు పెద్దలు, అంత దగ్గర్లో, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఉన్నారు.

చివరి పదేళ్లు

1946లో విడుదల. సింహళం తిరిగొచ్చి మళ్లీ దీవి చేరారు. 1950లో ఆ దేశం ఆయనకు పౌరసత్వం ఇచ్చింది. రెండుసార్లు శత్రువని బయటికి పంపిన నేల ఇప్పుడు నువ్వు మావాడివంది. బాబాసాహెబ్ ప్రపంచ బౌద్ధుల సభ కోసం సింహళం వెళ్లింది కూడా ఆ ఏడాదే. 1954 మేలో రంగూన్‌లో ఆరో సంగీతి మొదలైతే భంతే న్యానతిలోక అక్కడ ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో బాబాసాహెబ్ రంగూన్ వెళ్లారు.

1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ మహాపరినిర్వాణం. ఆరు నెలలు తిరక్కుండానే, 1957 మే 28న, కొలంబోలో భంతే న్యానతిలోక కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. 54 ఏళ్ల చీవర జీవితంలో దాదాపు 19 ఏళ్లు జైల్లోనో, దేశం కాని దేశంలోనో గడిచిపోయాయి.

ఆయన తర్వాత దీవి ఆరామానికి పెద్ద ఎవరయ్యారో తెలుసా? న్యానాలోక. అవును, ఆ రోడియా పిల్లవాడే. ఎవరి నీడ తగిలితే మైల అన్నారో ఆ జాతి బిడ్డ, ఆ ఆరామానికి అధిపతి అయ్యాడు. భంతే న్యానతిలోక రాసిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, నా దృష్టిలో ఇది ఒక ఎత్తు.

ఇప్పుడు మన సంగతి

నాగార్జునకొండ శాసనాల్లో సింహళ విహారం అని ఉంది. బోధిసిరి అనే ఉపాసిక రాయించిన శాసనం అది. సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటే సింహళ భిక్షువులకు మన కృష్ణ ఒడ్డున ఇల్లుంది. కాబట్టి దొడందువ దీవి మనకు మరీ పరాయిది కాదు.

కానీ నేను ఈ జీవితం మీకు చెప్పింది గర్వపడమని కాదు. వెతకడం అంటే ఏంటో ఆలోచించమని. పూర్వీకుల్ని వెతకడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు అని తేల్చడానికి వెతకడం. నాజీలు చేసింది అది, మనువు చేసింది అది, యుద్ధంలో జాబితాలు రాసినవాళ్లు చేసింది కూడా అదే. రెండోది, ఎవరు మన కోసం తలుపు తెరిచారో తెలుసుకుని, మనం ఇంకొకరి కోసం తెరవడానికి వెతకడం.

ఇప్పుడు మొదట్లో గుర్తు పెట్టుకోమన్న మాట దగ్గరికి రండి. మీ విహారంలో ఆదివారం వందనకు ఎవరెవరు వస్తున్నారు? మాలలు ఒక విహారం, మాదిగలు ఒక విహారం అయిపోయిన ఊళ్లు నేను చూశాను. దక్కలి వాళ్లు, చిందు వాళ్లు, మాస్టి వాళ్లు ఏ విహారానికి వస్తున్నారు? వాళ్లు రావట్లేదా, మనం పిలవట్లేదా? ఇరవై రెండు ప్రతిజ్ఞలు నోటితో చెప్పాం. పక్కన చాప వేశామా?

ఒక పని చేయండి. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే, వాళ్లకు గుర్తున్న పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. నాయనమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు కూడా. ఎవరు ఏ పని చేశారు, ఎవరు మొదట బడికెళ్లారు, ఎవరు మొదట దీక్ష తీసుకున్నారు, ఏ తేదీన. రాసి విహారంలో ఒక నకలు పెట్టండి. మన కాగితం మనమే రాసుకోవాలి.

రాసేటప్పుడు దక్కలి పెద్దాయన్ని కూడా పిలవండి. వాడ బయట కాదు, విహారం లోపల, బుద్ధుడి ముందు, మీ పక్కనే చాప మీద కూర్చోబెట్టండి. మీ వంశం కథ ఆయన నోటి నుంచి వినండి. ఆ తర్వాత, మీ కథ ఏంటి తాతా అని అడిగి, ఆయన వంశం కథ కూడా అదే నోట్‌బుక్‌లో రాయండి.

జై భీమ్! నమో బుద్ధాయ!